కరవు కాలంలో నీటి వాడకంపై స్థానిక సంస్థల ఆంక్షలు

వానలు ముఖం చాటేసి జలాశయాలు అడుగంటినప్పుడు, ఊరికి నీళ్లిచ్చే పురపాలక సంఘం, పంచాయతీ, జలమండలి వంటి సంస్థలు ఆ ఉన్న నీటిని ఎవరు, దేనికి, ఎంత, ఏ వేళల్లో వాడుకోవాలో నిర్ణయిస్తూ కొంతకాలం పాటు అమలు చేసే కట్టడులే కరవు ఆంక్షలు. మామూలు రోజుల పొదుపు ప్రచారానికీ వీటికీ తేడా ఉంది. ఆంక్ష వెనుక చట్టం ఉంటుంది, దాన్ని మీరితే జరిమానా ఉంటుంది. అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో చెప్పే ఒక గీత కూడా ఉంటుంది, కనీసం ఉండాలి.

ఈ కట్టడులు మూడు దారుల్లో నడుస్తాయి. మొదటిది పనిని ఆపుతుంది: తాగునీటితో కారు కడగొద్దు, పచ్చిక తడపొద్దు, ఈతకొలను నింపొద్దు. రెండోది కొలత విధిస్తుంది: మనిషికి రోజుకు ఇన్ని లీటర్లు. మూడోది వేళ కుదిస్తుంది: రోజు విడిచి రోజు, లేదా వారానికి రెండు రోజులు, గంటో రెండు గంటలో నీళ్లు. ఆచరణలో మూడూ కలగలిసే ఉంటాయి. ఏ ఊరు దేన్ని ఎక్కువగా నమ్ముకుంటుందన్నది మాత్రం అక్కడ మీటర్లు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి తేలిపోతుంది. ఇంటింటికీ మీటరున్న నగరం లీటర్లలో మాట్లాడగలదు. మీటర్లు లేని నగరానికి వాల్వు తిప్పడం తప్ప మరో దారి మిగలదు. వాల్వు తిప్పితే సంపు, పైన ట్యాంకు ఉన్న ఇల్లు నాలుగు రోజులు నిబ్బరంగా ఉంటుంది. నాలుగు బిందెలే ఉన్న ఇల్లు ఆ పూటే ఎండుతుంది. కరవు ఆంక్షల చరిత్రను ఈ తేడాను గమనిస్తూ చదవాలి.

అధికారం ఎవరిది

భారత రాజ్యాంగం నీటిని రాష్ట్ర జాబితాలో 17వ అంశంగా చేర్చింది. 73, 74వ సవరణలతో వచ్చిన 11, 12వ షెడ్యూళ్లు తాగునీటిని పంచాయతీల జాబితాలోనూ, నీటి సరఫరాను పురపాలక సంఘాల జాబితాలోనూ పెట్టాయి. పెద్ద నగరాల్లో ఈ పని ప్రత్యేక బోర్డులది. బెంగళూరు జలమండలికి 1964 నాటి చట్టం, హైదరాబాద్ జలమండలికి 1989 నాటి చట్టం ఆధారం. అయితే కుళాయి వీరి చేతిలో ఉన్నా, ఆ కుళాయికి నీరిచ్చే ఆనకట్ట సాధారణంగా సాగునీటి శాఖది, అంటే రాష్ట్రానిది. పరిస్థితి చెయ్యి దాటినప్పుడు జిల్లా కలెక్టరు 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టాన్నో, శాంతిభద్రతల సెక్షన్లనో ఆశ్రయిస్తారు. 2016 మార్చిలో మహారాష్ట్రలోని లాతూరులో నీటి ట్యాంకుల చుట్టూ ఐదుగురికి మించి గుమిగూడకుండా 144వ సెక్షన్ విధించడం అలాంటిదే. ఏప్రిల్ నుంచి అక్కడికి మిరజ్ నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు.

ఇతర దేశాల్లోనూ ఈ చీలిక ఉంది. దక్షిణాఫ్రికాలో పెద్ద ఆనకట్టల్లో చాలావాటిపై పెత్తనం జాతీయ ప్రభుత్వానిది, పంపిణీ నగరానిది. ఇంగ్లండులో గొట్టంతో తోట తడపడాన్ని నిషేధించే అధికారం స్థానిక ప్రభుత్వాలకు కాక నీటి కంపెనీలకు ఉంది. 1991 నాటి చట్టం ఇచ్చిన ఆ అధికారాన్ని 2010 నాటి చట్టం విస్తరించింది.

దశల పద్ధతి

దాదాపు అన్ని నగరాలూ ఆంక్షలను మెట్లుగా పేర్చుకుంటాయి. జలాశయాల మట్టం ఒక గీత దిగగానే ఒక మెట్టు పైకి ఎక్కుతారు. తొలి మెట్టులో తోటలకు వేళలు నిర్ణయిస్తారు. ఆ పైన గొట్టాలు ఆపుతారు, ఈతకొలనులు మూయిస్తారు. చివరి మెట్లలో ఇంటి లోపలి వాడకానికీ కొలత వస్తుంది. ఆసుపత్రులు, అగ్నిమాపక దళం, పశువుల తాగునీరు వంటివాటికి మినహాయింపు ఉంటుంది. గొట్టాల్లో నీటి ఒత్తిడి తగ్గించడం ఇంకో ఉపాయం. ఒత్తిడి తగ్గితే వాడకంతో పాటు కనిపించని లీకేజీలూ తగ్గుతాయి. జనం పెద్దగా పట్టించుకోని ఈ పని చాలా ప్రకటనల కన్నా ఎక్కువ నీళ్లు మిగులుస్తుంది.

మెట్టు ఎప్పుడెక్కాలన్నది ఇంజినీర్లు చెప్పగలరు. సమయానికి ఎక్కడం మాత్రం రాజకీయ నిర్ణయం. వచ్చే నెల వాన పడుతుందేమోనన్న ఆశ ప్రతి పాలకుడినీ ఆపుతుంది. ఆలస్యమైన ప్రతి నెలా తర్వాతి మెట్టును ఇంకా నిటారుగా చేస్తుంది.

కేప్‌టౌన్, 2015–2018

ఆధునిక కాలంలో ఒక మహానగరం లీటర్ల లెక్కన తనను తాను కట్టడి చేసుకున్న ఉదంతాల్లో బాగా నమోదైనది కేప్‌టౌన్‌ది. సుమారు 40 లక్షల జనాభా ఉన్న ఆ నగరానికి వానలు చలికాలంలో, అంటే మే నుంచి ఆగస్టు వరకు ఎక్కువగా పడతాయి. థీవాటర్స్‌క్లూఫ్, ఫూల్‌ఫ్లే, బర్గ్ రివర్, వెమర్స్‌హూక్, స్టీన్‌బ్రాస్ ఎగువ, దిగువ ఆనకట్టలు, ఈ ఆరింటి నిల్వ సామర్థ్యం సుమారు 89.8 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో అది దాదాపు 32 టీఎంసీలు. అందులో సగానికి పైగా ఒక్క థీవాటర్స్‌క్లూఫ్‌దే. 2014లో నిండుగా ఉన్న ఈ వ్యవస్థ 2015, 2016, 2017 సంవత్సరాల్లో వరసగా మూడు చలికాలాలు వానలు తప్పడంతో కుదేలైంది. అలాంటి కరవు వచ్చే అవకాశాన్ని వాతావరణ మార్పు మూడు రెట్లు పెంచిందని 2018లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

2016 జనవరి 1న నగరం రెండో దశ ఆంక్షలు పెట్టింది. అదే ఏడాది నవంబరులో మూడో దశ వచ్చింది. 2017 జూన్‌లో నాలుగో దశతో మనిషికి రోజుకు 100 లీటర్ల కొలత మొదలైంది, నెల తిరిగేసరికి అది 87కు దిగింది. 2018 జనవరి 1న ఆరో దశ వచ్చింది. ఫిబ్రవరి 1న దాన్ని ఇంకా బిగించి 50 లీటర్లకు కుదించారు. మన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి అందించాలనుకున్నది 55 లీటర్లు. పచ్చికతోటలు, ఈతకొలనులు ఉన్న ఇళ్ల వాళ్లు కూడా ఆ కొలత కన్నా దిగువకు రావలసి వచ్చింది. హోటళ్లలో స్నానపు తొట్ల బిరడాలు తీసేశారు. స్నానానికి రెండు నిమిషాలని ప్రచారం చేశారు. స్నానపు నీటిని బకెట్లలో పట్టి మరుగుదొడ్లలో పోసుకోవడం ఇంటింటి అలవాటైంది. న్యూలాండ్స్ ఊట దగ్గర క్యాన్లతో జనం బారులు తీరారు.

ఆంక్షలకు అంత బలం ఇచ్చింది ఒక తేదీ. ఆనకట్టల్లో నీరు 13.5 శాతానికి దిగిన రోజున చాలా ప్రాంతాల్లో కుళాయిలు కట్టేసి, సుమారు 200 కేంద్రాల్లో మనిషికి రోజుకు 25 లీటర్ల చొప్పున పంచుతామని నగరం ప్రకటించింది. ఆ రోజుకు ‘డే జీరో’ అని పేరు పెట్టింది. 2018 జనవరిలో మేయర్ పట్రీషియా డి లిల్ ఇక వెనక్కి తిరగలేని స్థితికి వచ్చేశామని హెచ్చరించారు. అప్పట్లో ఆ తేదీ ఏప్రిల్‌లో ఉంది. ఒక దశలో ఏప్రిల్ 12కు ముందుకు జరిగింది. తర్వాత మే 11కు, జూన్ 4కు, జులై 9కి వాయిదా పడుతూ వచ్చి, చివరికి ఆ ఏడాదికి లేదని తేలింది. మే నుంచి వానలు మొదలయ్యాయి.

ఈ ఫలితాన్ని కేవలం భయానికి కట్టబెట్టడం సరికాదు. భయం పని చేసింది నిజమే, కానీ ఆ భయానికి కొలత తోడైంది. ఎక్కువ వాడే ఇళ్లకు రోజుకు సుమారు 350 లీటర్లు దాటగానే నీటిని ఆపేసే పరికరాలు బిగించారు. 2018 జనవరిలో నగరం ఒక పటాన్ని విడుదల చేసింది. కొలతకు లోబడిన ప్రతి ఇంటికీ అందులో ఆకుపచ్చ చుక్క పెట్టింది. పొరుగువాడు తగ్గిస్తున్నాడో లేదో అందరికీ తెలిసిపోయింది. మనం ఒక్కరమే మడి కట్టుకుని కూర్చున్నామేమో అన్న అనుమానం తీరితే తప్ప జనం దీర్ఘకాలం త్యాగం చేయరు. ఆ పటం ఆ అనుమానం తీర్చింది. ఇళ్ల అంతరంగాన్ని బయటపెట్టిందన్న విమర్శ కూడా దానిమీద వచ్చింది, అది తోసిపుచ్చదగ్గది కాదు. మొత్తానికి 2015 వేసవిలో రోజుకు 120 కోట్ల లీటర్ల దరిదాపుల్లో ఉన్న నగర వాడకం 2018 తొలి నెలలకు 50 కోట్ల లీటర్ల చేరువకు దిగింది.

ఇందులో సాగు రంగం వాటా చెప్పకపోతే కథ సగమే అవుతుంది. అదే ఆనకట్టల మీద పండ్లతోటలు, ద్రాక్షతోటలు ఆధారపడి ఉన్నాయి. జాతీయ ప్రభుత్వం సాగుకు కేటాయింపులను 60 శాతం కోసింది. 2018 ఫిబ్రవరిలో గ్రూన్‌లాండ్ రైతుల నీటి సంఘం తాము నిల్వ చేసుకున్న నీటి నుంచి కోటి ఘనపు మీటర్లు నగరానికి వదిలింది. తేదీ వెనక్కి జరగడంలో వాళ్ల పాత్ర పెద్దది. నగరవాసుల పొదుపు ప్రపంచ వార్త అయింది. తోటల్లో పని పోయిన కూలీలు అంతగా కనపడలేదు.

మురికివాడల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. వీధి కుళాయిల దగ్గర బారులు తీరడం అక్కడి వాళ్లకు కరవుతో కొత్తగా వచ్చింది కాదు. నగరం వాడే నీటిలో వాళ్ల వంతు చాలా చిన్నది. 2001 నుంచి దేశమంతటా ప్రతి ఇంటికీ నెలకు 6,000 లీటర్లు ఉచితంగా ఇవ్వాలన్న విధానం నడుస్తుండగా, కేప్‌టౌన్ 2017లో దాన్ని పేదలుగా నమోదైన ఇళ్లకే పరిమితం చేసింది. అదే సమయంలో డబ్బున్న ఇళ్ల వాళ్లు పెరట్లో బోర్లు వేయించుకున్నారు. నగర సరఫరా నీటి మీద పెట్టిన ఆంక్షలు బోరు నీటికి తగలవు. ఆలస్యంగా దానిమీదా కట్టడి పెట్టారు కానీ, భూమి కింది నీరు నగరం మీటరుకు చిక్కలేదు.

అభ్యర్థన, ఆజ్ఞ

జనాన్ని అడిగితే చాలదా, ఆజ్ఞాపించాలా అన్న ప్రశ్నకు కాలిఫోర్నియా రెండు సమాధానాలు దాచి ఉంచింది. 2015 ఏప్రిల్ 1న, మామూలుగా ఐదడుగుల మంచు ఉండాల్సిన సియెర్రా నెవాడా పచ్చికలో నిలబడి గవర్నర్ జెర్రీ బ్రౌన్ పట్టణ వాడకాన్ని 25 శాతం తగ్గించాలని ఆజ్ఞ జారీ చేశారు. ఆ ఏడాది మంచు నిల్వ సగటులో 5 శాతమే. రాష్ట్ర జలవనరుల నియంత్రణ బోర్డు ఒక్కో స్థానిక సంస్థకూ దాని పాత వాడకాన్ని బట్టి 4 నుంచి 36 శాతం దాకా కోత నిర్ణయించింది. ఏ రోజు తోట తడపాలి, ఎవరికి జరిమానా వేయాలి అన్నది స్థానిక సంస్థలు తేల్చుకున్నాయి. ఏడాదికి పొదుపు 24.5 శాతానికి చేరింది. మరో కరవులో, 2021 జులైలో, గవర్నర్ గావిన్ న్యూసమ్ 15 శాతం తగ్గించమని స్వచ్ఛందంగా కోరారు. 2023 మార్చి నాటికి తేలింది 7 శాతం. మనుషులు అవే, నేల అదే. రెండోసారి ఒక్కో ఊరికీ ఒక లెక్క అప్పజెప్పలేదు.

ఆస్ట్రేలియాలో శతాబ్దం మలుపులో దాదాపు పదేళ్లు సాగిన కరవు నగరాలను రెంటినీ కలిపే దారికి నడిపించింది. క్వీన్స్‌లాండ్ ఆగ్నేయ ప్రాంతంలో 2007లో ‘టార్గెట్ 140’ పేరుతో మనిషికి రోజుకు 140 లీటర్ల లక్ష్యం పెట్టారు. అప్పటికి బ్రిస్బేన్ ఆనకట్టల్లో నీరు 17 శాతం దరిదాపులకు పడిపోయింది. ఎక్కువ వాడిన ఇళ్లకు కారణం చెప్పమని నోటీసులు వెళ్లాయి. స్నానాల గదులకు నాలుగు నిమిషాల గడియారాలు పంచారు. వాడకం లక్ష్యం కన్నా దిగువకే వచ్చింది. మెల్‌బోర్న్ 2008 చివర్లో 155 లీటర్ల లక్ష్యంతో ఇదే బాట పట్టింది.

స్పెయిన్‌లోని కాటలోనియా 2024 ఫిబ్రవరి 1న అత్యవసర స్థితి ప్రకటించి, బార్సిలోనాతో పాటు సుమారు 60 లక్షల మంది ఉన్న పురపాలికలకు మనిషికి రోజుకు 200 లీటర్ల పరిమితి విధించింది. ఆ లెక్కలో దుకాణాలు, హోటళ్లు వాడేదీ కలిసే ఉండేది, దాన్ని దాటితే బాధ్యత పురపాలికదే అయ్యేది.

వేళల కోత

1963 జూన్‌లో హాంకాంగ్ నాలుగు రోజులకోసారి నాలుగు గంటలు మాత్రమే నీళ్లు వదలడం మొదలుపెట్టింది. ఏడాది పాటు సాగిన ఆ కోత ఫలితంగా 1965 నుంచి చైనాలోని డోంగ్‌జియాంగ్ నది నీరు హాంకాంగ్‌కు రావడం మొదలైంది.

వేళల కోత చూడటానికి సమానంగా ఉంటుంది. ఇంజినీర్లు మాత్రం దీన్ని చివరి అస్త్రంగానే చూస్తారు. గొట్టంలో నీరు ఖాళీ అయ్యాక లోపల ఒత్తిడి పడిపోయి, పగుళ్ల గుండా చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. నీళ్లు మళ్లీ వదలగానే తొలి బిందెలు ఆ మురుగుతోనే నిండుతాయి. పైగా మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియని ఇల్లు దొరికిన ప్రతి గిన్నే నింపి, కొత్త నీళ్లు రాగానే పాతవి పారబోస్తుంది. నల్లాలకు మోటార్లు బిగించి లాగేవాళ్ల వల్ల వీధి చివరి ఇళ్లకు చుక్క కూడా అందదు.

భారత నగరాల్లో

చెన్నై 2019లో చవిచూసింది ఈ వేళల కోతనే. పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఆ జూన్‌కు దాదాపు ఎండిపోయాయి. చెన్నై జలమండలి మెట్రోవాటర్ రోజువారీ సరఫరాను 83 కోట్ల లీటర్ల నుంచి 52.5 కోట్లకు తగ్గించింది. హోటళ్లు కొన్ని పూటలు మూతపడ్డాయి. జులై 12 నుంచి జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్లతో రైళ్లు నడిచాయి. 1970ల నాటి ఒప్పందాల ప్రకారం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా జలాలను ఆ నగరానికి వదులుకున్నాయి. శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా తెలుగుగంగ కాలువలో అవి 1996లో తొలిసారి పూండి చేరాయి. అయితే ఒకే కరవు రెండు చివర్లనూ పట్టుకున్నప్పుడు ఏ కాలువా పూర్తి భరోసా ఇవ్వలేదు. ఆ వేసవిలో కండలేరే అడుగంటింది.

2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడగడం, తోటలు తడపడం, నిర్మాణం, ఫౌంటెన్ల వంటి పనులను నిషేధించింది. తప్పు చేస్తే 5,000 రూపాయల జరిమానా, కొనసాగిస్తే రోజుకు మరో 500. ఆ నెల మూడో వారానికి 22 ఇళ్ల నుంచి 1.1 లక్షల రూపాయలు వసూలయ్యాయి. కోటిమందికి పైగా ఉన్న నగరానికి ఈ లెక్క అల్పమే. ఎందుకంటే సమస్య అంతా కావేరి గొట్టం చేరని అంచుల్లో ఉండేది. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల్లో, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల తెలుగు ఉద్యోగులు వేలల్లో ఉండే అపార్టుమెంట్లలో జనం బతికేది బోర్ల మీద, ట్యాంకర్ల మీద. అక్కడ జలమండలి ఆంక్ష కన్నా జిల్లా యంత్రాంగం పెట్టిన ట్యాంకర్ ధరల పట్టికే ఎక్కువ పనికొచ్చింది. ఐదు కిలోమీటర్ల లోపు 6,000 లీటర్ల ట్యాంకరుకు 600, 12,000 లీటర్లకు 1,000 రూపాయలు గరిష్ఠ ధర. ఆ అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలై ఆ 110 గ్రామాలకు నీటి దారి తెరిచింది. అదే ఏడాది మే నెలలో ఢిల్లీ ప్రభుత్వం గొట్టంతో కార్లు కడిగినా, ట్యాంకులు పొర్లిపోనిచ్చినా 2,000 రూపాయల జరిమానా అంది, తనిఖీకి 200 బృందాలను దింపింది.

మరాఠ్వాడా ఎండుతున్న 2016 వేసవిలో క్రికెట్ మైదానాలకు నీళ్లెందుకన్న వ్యాజ్యంపై, ఏప్రిల్ 30 తర్వాతి ఐపీఎల్ మ్యాచ్‌లను మహారాష్ట్ర దాటించాలని బొంబాయి హైకోర్టు ఆదేశించింది. ముంబై, పుణె జట్ల మ్యాచ్‌లు కొన్ని విశాఖపట్నానికి మారాయి. తరలిన మ్యాచ్‌లతో మిగిలే నీళ్లు కొద్దిపాటివే కావచ్చు. ఏ వాడకం ముందు ఆగాలో ఒక వరస ఉండాలని ఆ తీర్పు గట్టిగా చెప్పింది.

తెలుగు నేల మీద

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో తెచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, తెలుగు రాష్ట్రాల్లో కరవు కట్టడులకు ప్రధాన ఆధారం. బోర్ల నమోదు, తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరుకు అనుమతి నియమం, ఒక ప్రాంతంలో పంపింగ్‌ను కొంతకాలం నిలిపే అధికారం ఇందులో ఉన్నాయి. కరవు ఆంక్ష భూగర్భ జలం దాకా చేరాలన్న ఆలోచన, కేప్‌టౌన్ ఆలస్యంగా తెలుసుకున్నది, ఇక్కడ ముందే చట్టమైంది. అమలు మాత్రం బలహీనం. రాత్రికి రాత్రి బోరు బండి వచ్చి వెళ్లిపోయే పల్లెల్లో తన పక్క పొలం రైతునే ఆపాలంటే గ్రామస్థాయి ఉద్యోగికి అండ కావాలి. ఆ అండ దొరకడం అరుదు.

పల్లెల్లో వేసవి ఎద్దడికి వేరే పద్ధతులున్నాయి. రైతుల వ్యవసాయ బోర్లను అద్దెకు తీసుకుని ఊరి ట్యాంకు నింపుతారు, లేదంటే ట్యాంకర్లతో తోలుతారు. నాగార్జున సాగర్ కాలువ కింద ఉన్న ప్రకాశం వంటి జిల్లాల్లో సమ్మర్ స్టోరేజి ట్యాంకులే వేసవి ఆధారం. వాటిని నింపడానికి కాలువకు నీళ్లు వదిలినప్పుడు పొలాలకు మళ్లకుండా కట్టడి చేస్తారు. ఎండుతున్న పైరు పక్క నుంచే నీరు పారుతుంటే చూస్తూ ఊరుకోవాల్సిన రైతు కష్టం కూడా ఈ ఆంక్షల ఖాతాలో రాయాల్సిందే.

హైదరాబాద్‌ను 2015–16 కరవులో సింగూరు, మంజీర ఎండిపోగా కృష్ణా, అప్పుడే వచ్చిన గోదావరి నీళ్లు నిలబెట్టాయి. నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం 2020–21లో వచ్చింది. చాలా ఇళ్లకు మీటరు ఉంటేనే వర్తిస్తుందన్న నియమం వల్ల మీటర్లు బిగించుకోవడానికి అదొక ప్రోత్సాహమైంది. 2025 ఏప్రిల్‌లో జలమండలి నల్లాలకు మోటార్లు పెట్టేవారిపై 5,000 రూపాయల జరిమానాతో తనిఖీలు మొదలుపెట్టింది. ఏడాది పొడవునా అమలైతేనే ఇలాంటి చర్య కరవులో అక్కరకొస్తుంది.

న్యాయస్థానాల్లో

ఎక్కువ వాడినకొద్దీ రేటు పెంచే పద్ధతిని కాలిఫోర్నియాలోని శాన్ వాన్ కపిస్ట్రానోలో పన్ను చెల్లింపుదారులు సవాలు చేశారు. ఒక్కో మెట్టు రేటూ ఆ నీటికి అయ్యే అసలు ఖర్చుకు తగినట్టు చూపాలని 2015లో అప్పీలు కోర్టు తేల్చింది. శిక్షగా వేసే రేటుకు చట్టం ఒప్పదన్నమాట. జొహానెస్‌బర్గ్‌లో 2009లో వచ్చిన మజిబుకో తీర్పు మరో వైపుది. సోవెటోలోని ఫిరి వాసులు ముందే డబ్బు కట్టించుకునే మీటర్లనూ, మనిషికి రోజుకు 25 లీటర్ల చొప్పున వచ్చే ఉచిత కోటానూ ప్రశ్నించారు. రాజ్యాంగ న్యాయస్థానం నగర విధానాన్నే సమర్థించింది. సరిపడా నీరు అంటే ఎంతో అంకెలో చెప్పడం కోర్టు పని కాదని అంది. ఆ అంకె ప్రభుత్వానిదే అయినప్పుడు, దాన్ని కరవు లేని రోజుల్లో బాహాటంగా చర్చించి నిర్ణయించడం ప్రజలకు మేలు.

ఎత్తివేత

ఆంక్షలు పెట్టడం ఎంత కష్టమో తీయడమూ అంతే. కేప్‌టౌన్ 2018 అక్టోబరులో 70 లీటర్లకు, డిసెంబరులో 105 లీటర్లకు సడలించి, ఆనకట్టలు నిండాక 2020 నవంబరులో పూర్తిగా ఎత్తేసింది. వాడకం పాత స్థాయికి తిరిగి రాలేదు. తోటల్లో పచ్చిక పోయి రాళ్లు, ఎండకు ఓర్చే మొక్కలు వచ్చాయి. గొట్టాలకు పొదుపు కుళాయిలు అమిరాయి. అయితే ఇందులో ఇంకో చిక్కు దాగి ఉంది. ఇప్పటికే పొదుపుగా ఉన్న నగరానికి వచ్చే కరవులో తగ్గించుకోవడానికి కొవ్వు మిగలదు. అప్పుడు మొదటి మెట్టే ఇంటి లోపలికి వస్తుంది. కాబట్టి కొత్త నీటి వనరుల లెక్క ఆంక్షలు నడుస్తుండగానే వేసుకోవాలి. నగరం ఖజానాకూ దెబ్బ తగిలింది. నీళ్లు తక్కువ అమ్మిన ఏడాది ఆదాయం పడిపోయింది కానీ గొట్టాలు, పంపులు, జీతాల ఖర్చు పడిపోలేదు. ఆస్తి విలువను బట్టి కరవు సుంకం వేద్దామన్న ప్రతిపాదన వేలాది అభ్యంతరాలతో వీగిపోయింది. 2018 జులైలో దాని బదులు, కనెక్షన్ గొట్టం సైజును బట్టి ఇళ్ల బిల్లుల్లో ఒక స్థిర రుసుము చేరింది. ఆంక్షలు ఎత్తేశాక కూడా అది కొనసాగింది.